ఎడమ చెవి కింద పుట్టుమచ్చ

కట్టుకున్న భార్య ఫొటోను దొంగిలించి, టిఫిన్ డబ్బా అడుగున దాచుకుని ఆఫీసుకు పట్టుకెళ్ళిన మొగుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మొహమాటపడకుండా నవ్వుకోండి. అప్పట్లో నవ్వవలసినవాళ్ళందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అసలు నా ఉద్యోగమే అలాంటిది. గుర్తింపు కార్డుల విభాగంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. జనం వరుసగా వచ్చి నా ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చునేవారు. నేను కళ్ళజోడు సర్దుకుని, ఎగాదిగా చూసి, దరఖాస్తులో ‘గుర్తింపు చిహ్నాలు’ అన్నచోట రాసేవాణ్ణి. కుడి చెంప మీద పుట్టుమచ్చ. ఎడమ మోచేతి మీద గాయపు మచ్చ. దరఖాస్తులో ఉన్నవి రెండే గీతలు. కాబట్టి ఎంతటి మనిషికైనా రెండే గుర్తులు. మూడోది చూపించబోయినవాళ్ళని “రెండు చాలండీ, లేవండి” అని లేపేసేవాణ్ణి.

ఆ పనిలో నాకు కాస్త పేరుండేది. గడ్డం పెంచుకుని వచ్చినా, జుట్టంతా ఊడిపోయి వచ్చినా పాత ఫొటోతో పోల్చి పట్టేసేవాణ్ణి. ఒకసారి అలాంటి ఘనకార్యం ఒకటి చేసి, మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, పేపరు చదువుతూ, ఆ రెండింటి మధ్య సందు చూసుకుని మా ఆవిడకి చెప్పాను.

“పదేళ్ళ కిందటి ఫొటో. అప్పుడు అగ్గిపుల్ల, ఇప్పుడు పిప్పళ్ళ బస్తా. అయినా చెవి చూసి పట్టేశాను.”

“చెవి చూసి?”

“చెవి చూసే. మనిషి ఎంత మారినా చెవి మారదోయ్.”

వంటింటి గట్టు దగ్గర గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం చేసినవాడికి ఆ నిశ్శబ్దానికి అర్థం తెలిసి ఉండాలి. నాకు తెలియలేదు.

“ఏమండీ, ఆ పేపరు దించకండి. అలాగే అడ్డంగా ఉంచుకుని చెప్పండి. నా మొహం మీద పుట్టుమచ్చలెన్ని?”

పేపరంతా వెతికాను. ఆ వార్త ఎక్కడా లేదు.

“ఉన్నాయి,” అన్నాను.

“ఎన్ని?”

“ఉండవలసినన్ని.”

“ఎక్కడ?”

“ఉండవలసినచోట.”

“పోనీ, నా చెవి ఎలా ఉంటుంది?”

“చెవిలా ఉంటుంది! వినపడుతోందిగా నీకు, ఇంకేం కావాలి?”

ఆవిడ చెయ్యి తుడుచుకుని, నా సంచీలోంచి ఖాళీ దరఖాస్తు ఒకటి తీసి పేపరు కిందనుంచి నా ఒళ్ళోకి తోసింది. “ఇదిగో, రెండు గీతలున్నాయి. ఆదివారంలోపు నా గుర్తులు రెండంటే రెండు రాయండి. ఊరందరికీ రాశారుగా.”

“దీనికి ఆదివారం దాకా ఎందుకూ, ఇప్పుడే రాస్తాను,” అంటూ పేపరు దించాను. ఆవిడ గబుక్కున పళ్ళెం తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“చూసి రాస్తే కాపీ కొట్టినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళు చదువుకోమని టైమిచ్చాను. ఇప్పుడు పరీక్ష హాల్లో పుస్తకం తెరవడానికి వీల్లేదు.”

“రాయలేకపోతే?”

“నెల రోజులు పొద్దున్న కాఫీ దగ్గర పేపరుండదు. ఎదురుగా కూర్చుని నన్ను చూస్తూ తాగాలి.”

“రాసేస్తే?”

పళ్ళెం వెనకాల కాస్త ఆలోచన జరిగింది. “జన్మలో మళ్ళీ ‘వింటున్నారా’ అని అడగను.”

సంసారంలో ఇంత పెద్ద బహుమతి ఏ మొగుడికీ ప్రకటించి ఉండరు. ఒప్పేసుకున్నాను.

ఆ రోజు నుంచీ నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, పళ్ళెమో, తువ్వాలో, చదువుతున్న పుస్తకమో ఆవిడ మొహానికి అడ్డం వచ్చేది. పుస్తకం పైనుంచి రెండు కళ్ళు మాత్రం కనిపించేవి, అవీ నవ్వుతూ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని తలచుకోవడానికి ప్రయత్నించాను. గొంతు వచ్చింది. కాఫీ గ్లాసు అందించే చెయ్యి వచ్చింది. తలుపు దగ్గర చెప్పులు విడిచే చప్పుడు కూడా వచ్చింది. మొహం మాత్రం వానలో తడిసిన పేపర్లో బొమ్మలా అలుక్కుపోయి వచ్చింది. కంగారుపడి కళ్ళు తెరిచాను. పక్క సీటాయనకి కుడి కణత మీద పుట్టుమచ్చ, కింది పెదవి మీద కుట్ల గుర్తు. టక్కున రెండూ పట్టేశాను.

ఇక ఆల్బములు తీశాను. ఆవిడ కూరలకి వెళ్ళిన సమయం చూసి బీరువా ముందు చతికిలబడ్డాను. మూడు వందల పైచిలుకు ఫొటోల్లో మా అమ్మాయి ఉంది, నేనున్నాను, చుట్టాలున్నారు, మేము ఎప్పుడో అమ్మేసిన స్కూటరు ఆరుసార్లుంది. పెళ్ళిపీటల మీద తల వంచుకున్నది తప్పితే ఆవిడ ఎక్కడా లేదు. ఎందుకుంటుంది, కెమెరా ఆవిడ చేతిలో ఉంటే! ఉన్నదల్లా చాలా ఫొటోల్లో కుడివైపు మూల గులాబీ రంగు మబ్బులాంటి మరక. అది లెన్సుకి అడ్డమొచ్చిన ఆవిడ వేలు. అప్పట్లో ఒక్కో ఫొటో చూసి “మళ్ళీ వేలు పెట్టావా?” అని కసిరేవాణ్ణి.

నిరాశపడి లేస్తుంటే మంచం పక్కన ఆవిడ చదువుతున్న పుస్తకం కనిపించింది. పేజీ గుర్తుకోసం అందులో ఒక ఫొటో పెట్టుకుంది. తీసి చూశాను. తిన్నగా కెమెరాలోకి చూస్తున్న మొహం, పాతికేళ్ళ వయసు, ఒక్క వెంట్రుక కూడా అడ్డం లేదు. పెళ్ళయిన కొత్తలో తీయించుకుని ఉంటుందనుకున్నాను. ఎంత తేలిగ్గా దొరికిందో అని సంబరపడ్డాను కానీ, ఎందుకంత తేలిగ్గా దొరికిందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

అలా ఆ ఫొటో టిఫిన్ డబ్బా ఎక్కింది.

ఇప్పుడు మా ఆఫీసు మిషన్ సంగతి చెప్పాలి. ఆ నెలలోనే కొత్తగా వచ్చింది. మనిషిని ముందు నిలబెడితే కెమెరాతో చూసి, కంటికీ కంటికీ ఎంత దూరం, చెవి ఏ ఆకారం, మచ్చలెక్కడ అన్నీ లెక్కగట్టి, ఫలానా ఫొటోలో మనిషీ ఈ మనిషీ ఒకరా కాదా అన్నది శాతాల్లో చెప్పేది. మేము దాన్ని ఒంటికన్ను అనేవాళ్ళం. మొదటిరోజు మా సూపరింటెండెంటుని నిలబెట్టి ప్రారంభోత్సవం చేశాం. ‘ముక్కు కొన మీద పుట్టుమచ్చ’ అని రాసుకుంది. అది ఈగ. మర్నాడు ఈగ లేదు కాబట్టి ఆయన ఆయన కాదంది. పాపం పెద్దమనిషి మళ్ళీ ఈగ వచ్చి వాలుతుందేమోనని మధ్యాహ్నం దాకా దాని ముందు కదలకుండా నిలబడ్డాడు.

దాన్ని నడిపే ఇంజినీరు పేరు మేమెవ్వరం వాడేవాళ్ళం కాదు. ఏం అడిగినా “చిటికెలో అయిపోతుంది సార్” అనేవాడు కాబట్టి చిటికె. భోజనాల వేళ గదిలో ఎవరూ లేనప్పుడు చిటికె దగ్గరికి ఫొటో తీసుకెళ్ళాను.

“ఎవరు సార్ ఈవిడ?”

“మా ఆవిడ.”

“అయితే మిషన్ని అడగడం దేనికి, మీకు తెలీదా?”

“నాకు తెలుసు. దానికి తెలుసో లేదో పరీక్షిద్దామని.”

చిటికె ఫొటోని పలక మీద పెట్టాడు. మిషన్ గుర్రుమని, కాగితం ఒకటి కక్కింది: ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, కుడి కనుబొమ్మ చివర చిన్న గాటు. నా రెండు గీతలూ నిండిపోయాయి. ఎగిరి గంతేయబోయాను.

“ఆగండి సార్, పాత ఫొటో కదా. ఈమధ్యది ఇంకోటి ఉంటే సరిచూసుకోవచ్చు.”

పర్సులో మా అమ్మాయి డిగ్రీ పట్టా పుచ్చుకున్నరోజు అందరం కలిసి తీయించుకున్న ఫొటో ఉంది. ఇచ్చాను. చిటికె దాన్ని తెర మీదకి ఎక్కించాడు. ఒంటికన్ను పదిమంది మొహాల మీదా పాకి, రెండో వరసలో ఇద్దరి చుట్టూ రెండు డబ్బాలు గీసింది. ఒకదాని మీద తొంభై నాలుగు శాతం, రెండోదాని మీద డెబ్భై ఒకటి. వీళ్ళిద్దరిలో ఎవరని నన్నే అడిగింది.

మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారని అందరూ అంటారు. ఆ రోజు ఒకే రంగు బట్టలు కూడా వేసుకున్నారు. తొంభై నాలుగు శాతం ఆవిడ బుద్ధిగా కెమెరాలోకి చూస్తోంది. డెబ్భై ఒకటి ఆవిడ తల పక్కకి తిప్పేసింది.

“ఈవిడ మొహం సరిగ్గా పడలేదు సార్. ఎటో చూస్తున్నారు. అందుకే తక్కువొచ్చింది,” అన్నాడు చిటికె.

“దిక్కులు చూస్తోందంటే మా మరదలై ఉంటుంది. తొంభై నాలుగు నొక్కు,” అన్నాను.

నొక్కాడు. తప్పు మిషన్‌ది కాదు. ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

ఆదివారం మా మరదలూ, తోడల్లుడూ భోజనానికి వచ్చారు. మా ఆవిడే పిలిచింది. సాక్షులుంటే నా విజయానికి ఇంకా శోభ అనుకున్నాను. భోజనం సగంలో ఉండగా మా ఆవిడ మొదలుపెట్టింది. “ఏమండీ, ఈరోజు ఆదివారం. గుర్తుందా?”

చెయ్యి కడుక్కుని లేచి, బడిలో పద్యం అప్పజెప్పే కుర్రాడిలా కళ్ళు మూసుకుని నిలబడ్డాను. “మొదటి గుర్తు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. రెండో గుర్తు, కుడి కనుబొమ్మ చివర గాటు. నీకు కూడా తెలీదేమో, సన్నటి గాటు!”

చప్పట్లు రాలేదు. కళ్ళు తెరిచాను. మా మరదలు ఒక చేత్తో చెవి, ఇంకో చేత్తో కనుబొమ్మ మూసుకుని కూర్చుంది.

“అయ్యో బావగారూ! ఇన్నేళ్ళూ మీరు తలెత్తి చూడరనుకున్నాను. ఇంత శ్రద్ధగా చూశారా నన్ను!”

మా తోడల్లుడు నమలడం ఆపేశాడు. భోజనం దగ్గర ఆయన నమలడం ఆపగా చూడడం నాకదే మొదటిసారి.

“అన్నగారూ, ఆ గాటు సంగతి నాకే తెలీదే,” అన్నాడు నెమ్మదిగా.

మా మరదలు చేతులు దించి ఆయనవైపు తిరిగింది. “మీకు తెలీదా? పాతికేళ్ళయింది పెళ్ళయి. తెలీదా?”

“అది కాదే, అన్నగారికెలా తెలిసిందని...”

“ఆయన సంగతి తర్వాత. మీకెందుకు తెలీదు?”

“అయ్యా, నేను చూడలేదు! నేనెవర్నీ చూడలేదు!” అని అరిచాను. అంతకంటే నిజమైన మాట నేనెన్నడూ చెప్పలేదు. ఆ తర్వాత పుస్తకం, ఫొటో, టిఫిన్ డబ్బా, ఒంటికన్ను, తొంభై నాలుగు శాతం అన్నీ వరసగా కక్కేశాను.

మా ఆవిడ అంతసేపూ నవ్వలేదు. చివర్లో, “దిక్కులు చూస్తోందన్నారా నన్ను?” అని అడిగింది.

“మరి ఎటో చూస్తున్నావుగా.”

“ఎటో కాదు. మీ కాలరు ఒకవైపు లోపలికి మడతపడింది. సర్దుకోమని సైగ చేస్తున్నాను. మీరు చూడలేదు.”

పర్సులోంచి ఫొటో తీసి చూశాను. కాలరు నిజంగానే మడతపడి ఉంది.

“ఆ పుస్తకంలో దాని ఫొటో పెట్టింది నేనేనండీ,” అంది. “మీరు మనుషుల్ని వదిలి ఫొటోల మీద పడతారని తెలుసు. దాన్నే అడిగి తెప్పించి పెట్టాను. తీసి చూడగానే ‘ఇది నువ్వు కాదుగా’ అని వస్తారేమోనని కూడా అనుకున్నాను.” చివరి మాట కొంచెం మెల్లగా అని, వెంటనే లేచి చెల్లెలికి మజ్జిగ వడ్డించింది.

నేను పరువు దక్కించుకోవాలని, “సరే, నా గుర్తులు నీకు తెలుసా మరి?” అన్నాను. అడగకుండా ఉండవలసింది.

ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకునే కళ్ళు మూసుకుంది. “మెడ వెనక రెండు పుట్టుమచ్చలు, ఒకదాని కింద ఒకటి. ఎడమ చెవి అంచున సొట్ట. తలలో పాత దెబ్బ గుర్తు, జుట్టు పల్చబడ్డాక ఈమధ్యే బయటపడింది. కుడి బొటనవేలి గోరు మధ్యలో గీత. అబద్ధం చెప్పబోయే ముందు ఎడమ కన్ను రెండుసార్లు కొట్టుకుంటుంది. ఇందాక కొట్టుకోలేదు కాబట్టి మీరు దాన్ని నిజంగానే చూడలేదని మా మరిది నమ్మవచ్చు.”

మా తోడల్లుడు ఊపిరి పీల్చుకుని మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. మా మరదలు దరఖాస్తు తీసుకుని రాస్తూ, రెండు గీతలూ దాటి, పేజీ తిప్పి, వెనకవైపు కూడా నింపేసింది.

సోమవారం నుంచి శిక్ష మొదలైంది. పేపరు మడిచి బల్ల చివర పెట్టింది. ఎదురుగా కూర్చుంది. మొదటిరోజు నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

“ఏం చూడాలి?”

“చూడండి, అదే తెలుస్తుంది.”

కాఫీ చల్లారిపోయింది, ఏమీ తెలియలేదు. మూడోరోజు తెలిసింది: కింది పెదవి కింద మడతలో ఆవగింజంత పుట్టుమచ్చ. నవ్వితేనే బయటికొస్తుంది. ఆవిణ్ణి నవ్వించనివాడికి జన్మలో కనిపించదు. అయిదోరోజు ఎడమ కనుబొమ్మలో ఒంటరిగా తెల్ల వెంట్రుక. ఏడోరోజు మణికట్టు మీద కాలిన మచ్చ.

“ఇదెప్పుడు కాలిందోయ్?”

“మీకు ప్రమోషన్ వచ్చిన వారం.”

“చెప్పలేదే!”

“చెప్పాను. పేపరు విన్నది.”

పన్నెండు పొద్దులు అలా గడిచాయి. పదమూడోరోజు ఆఫీసులో తనిఖీ వచ్చింది. పొద్దున్నే పరుగు. వారం తర్వాత తనిఖీ అయిపోయింది కానీ, పేపరు మాత్రం ఎలా వచ్చిందో మళ్ళీ నా మొహం ముందుకు వచ్చేసింది.

“ఇంకా పద్దెనిమిది రోజులున్నాయండీ,” అంది ఒకరోజు.

“రిటైరయ్యాక తీరిగ్గా చూస్తానుగా. అప్పుడింకేం పని?”

“సరే లెండి. నేనెక్కడికి పోతాను.”

నేను రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడు ఆవిడ వెళ్ళిపోయింది. ఆస్పత్రిలో ఉన్నది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను పేపరు ముట్టుకోలేదు, కానీ అప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నది ఆవిడ. వాటిని ఈ లెక్కలో కలుపుకోలేను. పందెంలో ఓడి దక్కించుకున్న ఆ పన్నెండు పొద్దులే నాకు మిగిలాయి. గెలిచి ఉంటే అవి కూడా ఉండేవి కావని అప్పుడప్పుడూ తలచుకుని, ఒంటికన్నుకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

కిందటి నెల మా అమ్మాయి వచ్చి ఆల్బములన్నీ నా ఫోన్లోకి ఎక్కించింది. పిన్ని దగ్గరున్న ఫొటోలు కూడా తెచ్చి కలిపింది.

“నాన్నా, ఇది మొహాలు చూసి ఎవరి ఫొటోలు వాళ్ళకి విడదీస్తుంది. అనుమానం వస్తే నిన్ను అడుగుతుంది. జవాబు నొక్కు, చాలు.”

“నన్నా? నా సంగతి దానికి తెలీదులే.”

అమ్మాయి వెళ్ళిన మర్నాడే అడిగింది. రెండు మొహాలు పక్కపక్కన పెట్టి, ‘ఇద్దరూ ఒకరేనా?’ అంది. ఒకటి మా మరదలు, ఒకటి మా ఆవిడ. నేను కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. ‘వేరు’ అని నొక్కేసి, “చూశావా!” అని వంటింటివైపు తిరిగాను. కుళాయి చుక్క పడుతోంది. ‘ధన్యవాదాలు. మీ సాయంతో ఇంకా బాగా గుర్తుపడతాను’ అంది ఫోను. “గుర్తుపట్టు నాయనా. నాకంటే తొందరగా నేర్చుకో,” అన్నాను.

మా మరదలు దగ్గర్నుంచి వచ్చినవాటిలో ఒక ఫొటో నేనెప్పుడూ చూడనిది. కొత్త కాపురం రోజులది, తనే తీసిందట. మా ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పగలబడి నవ్వుతోంది. పెదవి కింద మడతలో ఆవగింజ స్పష్టంగా ఉంది. కుడివైపు మూల తెల్లగా ఏదో అడ్డమొచ్చింది. ఈసారి వేలు కాదు. పెద్దది చేసి చూశాను. మడత పడిన కాగితం అంచు, సన్నటి అచ్చు అక్షరాలు. నా పేపరు. ఆవిడ దాని వెనకాల ఉన్న మనిషికి ఏదో చెబుతూ అంతలా నవ్వుతోంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. మరదలికి ఫోను చేసి అడిగాను.

“ఏమో బావగారూ, నాకు గుర్తులేదు. చెప్పింది మీకేగా,” అంది.

ఆ పొద్దు నుంచి ఆ ఫొటోని తెర మీద ఉంచి, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను. అరనిమిషానికోసారి తెర ఆరిపోతుంది. వేలితో తట్టాలి. తట్టాను. ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ పద్దెనిమిది పొద్దులూ పూర్తి చేశాను. మాట ప్రకారం నెల శిక్ష ముగిసింది కదా అని, ఇవాళ పొద్దున్న ఫోను పక్కన పడేసి, పేపరు విప్పాను.

రెండో పేజీలో ఉండగా బల్ల మీద ఫోను టింగుమంది. ఎవరూ అడక్కుండానే పాత ఫొటోల్లోంచి దానికి నచ్చినదొకటి తీసి అప్పుడప్పుడూ చూపిస్తుందని అమ్మాయి చెప్పనే చెప్పింది. పేపరు పక్కనుంచి తొంగిచూశాను. ఆవిడ, ఆ నవ్వు, మూలన నా పేపరు.

“మడిచేశానోయ్,” అన్నాను. “ఇదిగో, మడిచేశాను.”